చక్కెర లేదని రాసిన చెయ్యి

ఆ ఆరోగ్య సరుకుల కొట్టులో ఉప్పు గులాబీ రంగులో ఉంటుంది, బియ్యం నల్లగా ఉంటాయి, తేనె మాత్రం తేనె రంగులోనే ఉంటుంది కాని ధర చూశాక చేదుగా అనిపిస్తుంది. లోపలికి వచ్చినవాళ్ళు ఆస్పత్రిలో పరామర్శకు వచ్చినట్టు గొంతు తగ్గించి మాట్లాడతారు. గోడల నిండా చెక్క అరలు, అరల్లో గాజు డబ్బాలు, ఒక్కో డబ్బా ముందు దళసరి కార్డు ముక్క. ఆ కార్డుల మీది అక్షరాలు చూసి ఒక్క క్షణమైనా ఆగనివాళ్ళు తక్కువ. అవి అచ్చు వేసినవి కావు. చేత్తో, కుంచె పెన్నుతో, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ముత్యాలు పేర్చినట్టు రాసినవి.

వాటిని రాసే ఆవిడను అందరూ ముత్యాలు అనే పిలుస్తారు. అసలు పేరు ఒకటి ఉంది కాని అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పనికిరాదు. ముత్యాలన్న పేరు పెట్టింది అక్క మొగుడు, బావగారు. ఆయన బస్సు డ్రైవరు. ఒకప్పుడు డిపోలో బస్సుల నుదుటి మీద ఊళ్ళ పేర్లు రంగుతో రాసే పని ఆమెకు ఇప్పించింది కూడా ఆయనే. "నీ రాత చూసిన జనం ఎక్కడికెళ్ళాలో మర్చిపోయి బస్సెక్కేస్తారు ముత్యాలూ," అని పదిమందిలో అనేవారు. తరవాత బస్సులకు కరెంటు దీపాల బోర్డులు వచ్చాయి. ముత్యాలు కుంచెలు కడిగి పెట్టె అడుగున పెట్టేసింది. నాలుగేళ్ళు ఏవో కవర్లు అంటించే పని చేసి, ఆ తరవాత ఈ కొట్టులో చేరింది. మళ్ళీ నలుగురి కళ్ళూ తన రాత మీద పడుతుంటే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, తరవాత ఆమె చేసిన పనికి ఛీ అనాలనిపించినప్పుడు ఇది కొంచెం గుర్తుండాలని. ఛీ అనొద్దని మాత్రం చెప్పడం లేదు.

కార్డు రాయడానికి ఒక పద్ధతి ఉంది. కొత్త సరుకుతో పాటు తయారు చేసేవాళ్ళ కరపత్రం ఒకటి వస్తుంది. అందులోంచి మూడు మాటలు ఏరి, మూడు వరుసల్లో, వాకిట్లోంచి చూసినా కనపడేంత పెద్దగా రాయాలని యజమానురాలి నియమం. సరుకును గాజు డబ్బాల్లోకి సర్దేశాక, అది వచ్చిన అట్టపెట్టె వెనక గదిలోకి, అక్కణ్ణుంచి చెత్తబండిలోకి పోతుంది. ఆ పెట్టె మీద ఏం రాసి ఉందో కొనేవాళ్ళు చూడరు, అమ్మేవాళ్ళూ చూడరు. అందరికీ ముత్యాలు రాసిందే ప్రమాణం.

నాలుగు నెలల కిందట ఓట్స్ బార్లు వచ్చాయి. ఓట్స్, గింజలు, ఎండు పళ్ళు కలిపి వేలెడు పొడుగు బిళ్ళలుగా కోసినవి. కరపత్రంలో "శుద్ధి చేసిన చక్కెర లేదు" అని ఉంది. అది వరుసలో పట్టలేదు. అక్షరాలు ఇరికిస్తే రాత పాడవుతుంది, రాత పాడవడం ముత్యాలుకు గిట్టదు. "శుద్ధి చేసిన" తీసేసి చూసింది. "చక్కెర లేదు" అన్న రెండు మాటలూ కార్డు నడిమధ్య చక్కగా కూర్చున్నాయి. అటొకటి ఇటొకటి ఆకు బొమ్మ వేయడానికి చోటు కూడా మిగిలింది. వేసింది.

విరిగిన బార్లను కొట్టులో అమ్మరు, పనివాళ్ళు పంచుకుంటారు. ముత్యాలు వాటా మొత్తం బావగారికే వెళ్ళేది. కారణం ఉంది. డిపో డాక్టరు చేసిన పరీక్షలో ఆయన షుగరు, మూడు నెలల సగటు, ఎనిమిదీ పాయింట్ మూడు వచ్చింది. ఎనిమిది దాటిన డ్రైవరుకు స్టీరింగు ఇవ్వరు. మూడు నెలల గడువు పెట్టారు. అప్పటికీ తగ్గకపోతే గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకోమంటారు. ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు నడిపిన మనిషికి అది చావుతో సమానం. ఆయన ఆ రోజే టీలో చక్కెర మానేశారు. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు, ఒక్క దెబ్బతో బంద్. అక్క ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి అందులో బొత్తాలు పోసింది.

అదే భవనంలో పై అంతస్తులో ఉంటూ పొద్దునా సాయంత్రం అక్క ఇంట్లోనే భోంచేసే ముత్యాలు, తనవంతు సాయంగా ఈ బార్లు తేవడం మొదలుపెట్టింది. కాగితం సంచిలో వేసి, సంచి మీద "బావగారికి. చక్కెర లేదు" అని కార్డుల మీద రాసినంత అందంగానే రాసేది. ఆయన డ్యూటీలో రెండు తినేవారు, పొడుగు డ్యూటీ అయితే మూడు.

"నోటికి తియ్యగానే ఉన్నాయే?" అన్నారు మొదట్లో ఒకసారి.

"ఎండు పళ్ళ తీపి బావగారూ. ఒంటికి మంచిది," అంది ముత్యాలు. ఈ జవాబు ఆమె సొంతం కాదు, యజమానురాలిది. రోజుకు పదిసార్లు విని విని నోటికి వచ్చేసింది.

మూడు నెలలూ గడిచాయి. పరీక్షలో తొమ్మిదీ పాయింట్ నాలుగు వచ్చింది.

ఆ సాయంత్రం అక్క ఆ కాగితం చూసింది. ఆమెకు ఆస్పత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పని. ఇరవై ఏళ్ళుగా మరకలతోనే ఆమె కాపురం; దుప్పటి చూసి రోగి ఏం తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో చెప్పేస్తుంది. లోపలికి వెళ్ళి బావగారి యూనిఫాం చొక్కా తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. జేబు లోపలివైపు పైకి తిప్పింది. అర్ధరూపాయంత గోధుమరంగు మరక ఉంది.

"ఇదేంటండీ?"

"ఏది?" అన్నారు బావగారు కళ్ళజోడు వెతుక్కుంటూ.

"వేణ్ణీళ్ళు పోసి రుద్దినా పూర్తిగా వదల్లేదు. వేలికి జిగురుగా తగులుతోంది. ఇది పాకం మరక. నాకు తెలీదనుకున్నారా?"

"ముత్యాలు ఇచ్చే బార్లు ఆ జేబులోనే వేసుకుంటానే."

"వాటిల్లో చక్కెర లేదు కదండీ! చక్కెర లేనిది ఇలా పట్టుకుంటుందా? ఏమే, నువ్వు చెప్పు."

ఇద్దరూ ముత్యాలు వైపు చూశారు. ముత్యాలుకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. తన కొట్టు, తన కార్డు, తన రాత. పైగా బావగారు చాటుగా తింటున్నారేమో అన్న ఆలోచన ఆమెకూ ఆ కాగితం చూసినప్పుడే వచ్చింది.

"మా బార్లు అంటుకోవు బావగారూ," అంది. అనడంతో ఆగలేదు. "దాచడం దేనికి? నిజం చెప్పేస్తే అందరికీ మంచిది కదా," అని ఇంకో ముక్క తగిలించింది.

బావగారు ఆమె వంక తిరిగారు. "నేను తినలేదు," అన్నారు. తరవాత చొక్కా మడతపెట్టి కుర్చీ మీద వేసి, ప్లేటులో ఉన్నది తలవంచుకుని తినేశారు.

డాక్టరు మనిషి మంచివాడే. ఒక దారి చూపించాడు. "మీరు ఏం తింటున్నారో నిజం చెప్పండి. దానికి తగ్గట్టు మందు మార్చి ఇంకో మూడు నెలలు గడువిస్తాను. నిజం చెప్పకపోతే అంకె ఎందుకు పెరిగిందో నాకు తెలీదు. అది తెలీకుండా యాభైమందిని మీ వెనక కూర్చోబెట్టలేను," అన్నాడు. రెండు వారాల తరవాత శుక్రవారం రమ్మన్నాడు.

"తినంది తిన్నానని ఎలా చెప్పను?" ఇదొక్కటే బావగారి మాట. అక్క బతిమాలింది, కసిరింది, ఆఖరికి మాట్లాడటం మానేసింది. ఆయనకు భోజనం బల్ల మీద పెట్టి తన ప్లేటు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయేది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఇద్దరూ విడివిడిగా తినడం అదే మొదలు. ముత్యాలు మధ్యలో కూర్చుని రెండు గదుల్లోనూ చెంచాల చప్పుడు వినేది. ఇంత మొండితనం దేనికో ఈ పెద్దమనిషికి అని మనసులో ఆయన్నే విసుక్కునేది.

ఆరో రోజున కొట్టుకు ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. చేతిసంచిలో భూతద్దం పెట్టుకుని తిరిగే రకం. బార్ల డబ్బా ముందు నిలబడి కార్డు చదివింది. ఒక ముక్క రుచి చూసింది.

"మా ఆయనకు షుగరమ్మా. చక్కెర లేదని రాశారు కాబట్టి అడుగుతున్నాను. మరి ఈ తీపి ఎక్కడిది?"

"ఎండు పళ్ళదండీ."

"ఏ పళ్ళు? ఎంత? కాస్త చూసి చెప్తావా? నాకేం తొందర లేదు."

ముత్యాలు వెనక గదిలోకి వెళ్ళింది. చదును చేసి కట్టగట్టిన అట్టపెట్టెల్లోంచి బార్లది లాగింది. సంగతంతా అడుగు రెక్క మీద ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి జరిగి చదివింది. ఓట్స్. ఖర్జూరం పాకం. బియ్యం పాకం. చిక్కబరిచిన ఆపిల్ రసం. తేనె. ఆ తరవాత ఎప్పుడో గింజలు, ఎండు పళ్ళు. కింద చిన్న గడిలో, ఒక్కో బారుకు చక్కెర ఇరవై గ్రాములు.

ఇరవై గ్రాములంటే ఐదు చెంచాలు. రెండు బార్లంటే పది. టీలో ఎనిమిది చెంచాలు మాన్పించి, పది పెట్టింది. పొడుగు డ్యూటీ రోజున పదిహేను. సంచి మీద అందంగా పేరు రాసి మరీ పెట్టింది. ముత్యాలు ఆ రెక్క చింపి తీసుకుంది. పెట్టెల కట్ట మీదే కూర్చుని ఆ అంకె మళ్ళీ చదివింది. ఆ జేబు మరక కళ్ళముందు కనపడింది. అక్క వేలు సరిగ్గానే చెప్పింది, బావగారూ సరిగ్గానే చెప్పారు. ఆ బల్ల దగ్గర తప్పు చెప్పింది తనొక్కతే.

బయటికి వచ్చి టీచరమ్మతో, "మీ ఆయనకు వద్దండీ, దీంట్లో పాకాలున్నాయి," అంది. ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషికి నిజం చెప్పడానికి ముత్యాలుకు అర నిమిషం పట్టలేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి ఎన్ని రోజులు పట్టిందో చూడండి.

ముందు యజమానురాలి దగ్గరికి వెళ్ళింది, చింపిన అట్టరెక్క చేతిలో పట్టుకుని. ఆవిడ కరపత్రం తీసి చూసింది.

"ఇందులో శుద్ధి చేసిన చక్కెర లేదు అనే ఉంది కదమ్మా. నువ్వెందుకు తీసేశావు ఆ మాట?"

"వరుసలో పట్టలేదండీ."

"పట్టకపోతే అడగొద్దూ? అయినా ఖర్జూరం చక్కెరెలా అవుతుంది? పండు కదా."

"బారుకు ఇరవై గ్రాములుందండీ."

"బయట దొరికే మిఠాయిల్లో ఇంతకంటే ఎక్కువుంటుంది. మన దగ్గరికి వచ్చేవాళ్ళు తెలిసినవాళ్ళు, ఒకటి తిని ఆగుతారు. నేనూ రోజూ ఒకటి తింటాను, చూడు, ఎలా ఉన్నానో." ఆవిడ నిజంగానే చక్కగా ఉంది. రోజూ పొద్దున్నే గంటసేపు పరిగెత్తుతుంది మరి. మోసం చేసే మనిషి అయితే పోట్లాడొచ్చు. ఆవిడ నమ్మింది అమ్ముతోంది, అక్కడే వచ్చింది తంటా అంతా. "సరే, కార్డు మార్చెయ్. చిన్నక్షరాలైనా పూర్తిగా రాయి," అంది.

ముత్యాలు కొత్త కార్డు రాసింది. శుద్ధి చేసిన చక్కెర లేదు. ఆకు బొమ్మలకు చోటు లేదు. ఆ రోజు బార్లు ముందురోజు కంటే నాలుగు ఎక్కువే అమ్ముడుపోయాయి.

సాయంత్రం మెట్ల దగ్గర బావగారు ఎదురయ్యారు, డ్యూటీ దిగి వస్తూ.

"ఏమ్మా, ఇవాళ సంచి లేదా? మీ కొట్లో విరగడం మానేశాయా?"

చెప్పెయ్యాలి. ఇప్పుడే, ఇక్కడే. ముత్యాలు నోరు తెరిచింది. "ఈమధ్య వచ్చినవి బాగోలేదు బావగారూ. పాతబడ్డాయి. మీ దగ్గరున్నవి కూడా పడేయండి," అంది.

"పాతబడితే ఏమైంది? నా పళ్ళు గట్టివే. డిపోలో నా పెట్టెలో ఇంకో పదహారున్నాయి. అవీ పడేస్తే నిజంగానే మిఠాయి కొట్టు మీద పడతానేమో, మీ అక్క మాట నిజం చేసినట్టవుతుంది." నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగింది. "నువ్వు కూడా నేను తిన్నాననే అనుకుంటున్నావా ముత్యాలూ?"

"లేదు బావగారూ."

"ఆ మాట మొన్న బల్ల దగ్గర అంటే బాగుండేది," అని లోపలికి వెళ్ళిపోయారు.

పదహారు బార్లు. ఎనభై చెంచాలు. ముత్యాలు పైకి వెళ్ళి మంచం మీద కూర్చుని చెయ్యి చూసుకుంది. రేపు చెప్తాననుకుంది. మర్నాడు అక్కకు తలనొప్పి, ఇవాళ వద్దనుకుంది. ఆ మర్నాడు బావగారిది పొడుగు డ్యూటీ. ఆయన మూడు తింటారని తెలిసి కూడా డిపోకి ఫోన్ చేయలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం అని తనకు తాను చెప్పుకుంది కాని అది నిజం కాదు. కార్డు పొరపాటుకు ఎవరూ ఉద్యోగం తీసెయ్యరు. ఆమె రాసిందల్లా కళ్ళు మూసుకుని నమ్మే మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆయన ముందు నిలబడి నా రాత నమ్మి మీరు పాడైపోయారు అని చెప్పడానికి మొహం చెల్లలేదు. అంతే. రోజూ ఆయన రెండు తింటున్నారు, రోజూ ఈమె నోరు మూసుకుని సూపు తాగుతోంది.

పదకొండో రోజున అక్క పైకి వచ్చింది. పనిలోంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులు సబ్బునీళ్ళకు ముడతలు పడి ఉన్నాయి. మంచం అంచున కూర్చుంది.

"నీ మాట వింటారే ఆయన. ఒప్పేసుకోమని చెప్పు. బస్సు పోతే ఆ మనిషి బతకరు."

"అక్కా..."

"తింటే తిన్నారు, నేనేమన్నా ఉరేస్తానా? నా బాధ అది కాదు. ఇరవై ఆరేళ్ళకి నాతో అబద్ధమాడతారా? కళ్ళలోకి చూసి మరీ! చొక్కా పెట్టి చూపించినా లేదంటారే!" అక్క కళ్ళు తుడుచుకుంది. "చెప్తావా?"

ఇంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. అట్టరెక్క ఆ మంచం కిందే సంచిలో ఉంది, వంగితే చేతికి అందుతుంది. ముత్యాలు వంగలేదు.

"చెప్తాను," అంది.

అక్క ఆమె చెయ్యి నొక్కి కిందికి వెళ్ళిపోయింది. ముత్యాలుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. తలుపు గడియపెట్టి ఏడ్చింది. ఏడిస్తే కాస్త తేలికపడింది, తేలికపడ్డందుకు ఇంకా సిగ్గేసింది.

శుక్రవారం కొట్టుకు సగం రోజు సెలవు పెట్టింది. అట్టరెక్క సంచిలో వేసుకుని డిపోకి వెళ్ళింది. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉంది. డాక్టరుగారూ, ఈయన నిజం చెప్తున్నారు, తప్పు నాది. అంతే కదా, ఎంతసేపు? డాక్టరు గది ముందు పొడుగు వరండా, ఒక చెక్క బెంచీ, కిటికీలోంచి బస్సులు కడుగుతున్న చోటు కనపడుతోంది. ఆమె బెంచీ దాకా వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. బావగారు బయటికి వచ్చారు, చేతిలో మడతపెట్టిన కాగితంతో.

"నువ్వేంటి ఇక్కడ?"

"డాక్టరుతో మాట్లాడాలి బావగారూ."

"అక్కర్లేదులే. ఒప్పేసుకున్నాను."

ఆయన బెంచీ మీద కూర్చున్నారు.

"రోజూ టెర్మినల్ దగ్గర మిఠాయిలు తింటున్నానని చెప్పాను. ఏ కొట్లో అని అడిగాడు. గుర్తులేదన్నాను. ఎన్ని అన్నాడు. రెండు మూడన్నాను. అబద్ధమాడటం అంత తేలిక కాదు ముత్యాలూ, అన్నీ వివరంగా అడుగుతారు." కాగితం జేబులో పెట్టుకున్నారు. "సంతకం పెట్టించుకున్నాడు. మందు మార్చాడు. మూడు నెలలు బస్సు ఇచ్చాడు."

ముత్యాలు సంచిలోంచి అట్టరెక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు తగిలించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. కిందికి వచ్చి మళ్ళీ పైనుంచి చదివారు.

"మీ బార్లవా?"

"అవును."

కిటికీ అవతల ఎవరో బస్సు మీద నీళ్ళు చిమ్ముతున్నారు. ఆయన అటే చూస్తూ కూర్చున్నారు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

ముత్యాలు ఇన్నాళ్ళూ ఏ ప్రశ్నకు భయపడిందో అది ఇదే. "ఎనిమిది రోజులైంది," అంది.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు మేలు జరిగి ఉండేది.

"మొదట చేసింది పొరపాటు. అది ఎవరైనా చేస్తారు, దాని గురించి నేనడగను. ఈ ఎనిమిది రోజులూ ఏం చేశావు?"

"మీరు వాటిని తింటూనే ఉన్నారని తెలుసు," అని మాత్రం అంది. అది జవాబు కాదు కాని అబద్ధం కాదు. "లోపలికి వెళ్ళి ఇప్పుడు చెప్తాను బావగారూ. నా తప్పని రాసిస్తాను."

"వద్దు. రెండు మూడు మిఠాయిలని చెప్పాను, నీ అట్ట ప్రకారం బార్లలోనూ అంతే చక్కెర. మందుకేం తేడా రాదు. నువ్వెళ్ళి చెప్తే నేను సంతకం పెట్టిన కాగితం అబద్ధమవుతుంది." ఆయన లేచి టోపీ పెట్టుకున్నారు. "నిన్నటిదాకా నన్ను అబద్ధాలకోరంటే ఒళ్ళు మండేది. ఇవాళ అయ్యాను కదా, ఇక ఎవరన్నా ఫరవాలేదు."

అట్టరెక్క ఆమెకే తిరిగి ఇచ్చి బస్సులవైపు నడిచారు. ముత్యాలు ఆ బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. తరవాతి పేషెంటు వచ్చి కాస్త జరగమంటే లేచింది.

ఆ సాయంత్రం అక్క ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది. బల్ల మీద మూడు ప్లేట్లు, మూడూ ఒకేచోట. అక్క జుట్టు దువ్వుకుంది, వేడి సూపు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది, బావగారి భుజం మీద ఒక చరుపు చరిచింది.

"ఆ రోజే ఒప్పుకుని ఉంటే ఇంత రభస ఉండేదా? మరక చూసి చెప్పాను నేను! పోన్లెండి, నోటిని కట్టుకోవడం ఎవరివల్లవుతుంది?" ఆమె గొంతులో కోపం లేదు, రెండు వారాల బరువు దిగిపోయిన సంతోషమే ఉంది. "మీ మరదలు తెచ్చే బార్లు తిన్నారు కాబట్టి ఆ తొమ్మిదితో ఆగింది. అవి కూడా లేకపోతే పన్నెండు దాకా పోయేది. ఏమే, రేపు నాక్కూడా నాలుగు తీసుకురా."

బావగారు సూపు తాగుతున్నారు. తల ఎత్తలేదు. ఆయన చెప్పరు. ఆ సంగతి ముత్యాలుకు బాగా తెలుసు. ఆమె నోరు మెదపకపోతే ఈ కథ ఇలాగే ఖాయమైపోతుంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా అక్క నవ్వుతూ చెప్తుంది, చొక్కా జేబు సంగతి, టెర్మినల్ మిఠాయిల సంగతి. ఆయన నవ్వుతూ వింటారు. ఆ పక్కనే తనూ కూర్చుని నవ్వాలి.

"అక్కా, బావగారు తినలేదు," అంది ముత్యాలు.

"ఏంటి?"

"మిఠాయిలు తినలేదు. ఒక్కటి కూడా. నేను తెచ్చినవే తిన్నారు. వాటిలోనే ఉంది చక్కెర."

అక్క నవ్వింది. "ఇప్పుడు ఆయన్ని వెనకేసుకొస్తున్నావా? ఆయనే ఒప్పుకున్నారు కదే, సంతకం పెట్టి మరీ!"

ముత్యాలు అట్టరెక్క తీసి పైకి చదివింది. ఖర్జూరం పాకం దగ్గర అక్క ఇంకా నవ్వుతోంది. బియ్యం పాకం దగ్గర ఆగిపోయింది. ఆపిల్ రసం, తేనె, ఇరవై గ్రాములు. "చక్కెర లేదు అని రాసింది నేను. అంటుకోవు అని చెప్పింది నేను. వారం కిందటే తెలిసి చెప్పనిదీ నేనే. మొన్న నువ్వు పైకి వచ్చినప్పుడు కూడా తెలుసు," అంది. ఆగకుండా చెప్పింది. చెప్పి, తిట్ల కోసం ఎదురుచూసింది. వాటికి ఆమె సిద్ధపడే వచ్చింది.

అక్క ఆమె వంక చూడలేదు. మొగుడి వంక చూసింది.

"మరి సంతకం ఎందుకు పెట్టారు? బస్సు పోతుందనా?"

బావగారు చెంచా కింద పెట్టారు. "బస్సు పోతే గేటు దగ్గర కూర్చునేవాణ్ణి," అన్నారు. "నువ్వు రెండు వారాలుగా నా ఎదురుగా కూర్చుని తినలేదు. అందుకని పెట్టాను."

అక్క తన ప్లేటు వంక, ఆయన ప్లేటు వంక చూసింది.

"నన్ను తిట్టు అక్కా," అంది ముత్యాలు.

"నిన్ను తరవాత తిడతాను. ముందు నన్ను ఈయన తిట్టాలి."

ఆయన తిట్టలేదు. బ్రెడ్డు ముక్క తుంచుకుని తినసాగారు. సూపు చల్లారింది, వేడిచేసి తెస్తానని అక్క లేచింది. గిన్నె రెండు చేతులతో ఎత్తి, రెండడుగులు వేసి, గోడవైపు తిరిగి నిలబడిపోయింది. భుజాలు కదులుతున్నాయి, గిన్నెలో సూపు అంచుదాకా వచ్చి తొణుకుతోంది. ముత్యాలు గబగబా వెళ్ళి గిన్నె అందుకోబోయింది.

"నువ్వు ముట్టుకోకు," అంది అక్క.